ఉల్రుం చర్చి: 1834లో ఏం జరిగింది, ఆనవాళ్లు ఎక్కడ వెతకాలి

మీ ప్రశ్న సారాంశం ఇది: నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్‌లో చదువుకుంటూ చుట్టుపక్కల పల్లెలు చూస్తుంటే ఉల్రుం తగిలింది. రెండు వేల జనాభా కూడా లేని ఈ ఊరికి డచ్ చర్చి చరిత్రలో అంత పేరెందుకు? అక్కడి చిన్న చిన్న ఊళ్లలో కూడా ఒకటికి మించి ప్రొటెస్టెంట్ సంఘాలు ఎందుకున్నాయి? వీటిని సొంతంగా పరిశీలించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

1834 అక్టోబర్‌లో ఉల్రుం సంఘం రాజ్యం అజమాయిషీలో ఉన్న జాతీయ రిఫార్మ్డ్ చర్చి (16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ బోధని అనుసరించే ప్రొటెస్టెంట్ చర్చి) నుంచి విడిపోయింది. దాని వెనక దేశమంతటా మరెన్నో సంఘాలు విడిపోయాయి. ఆ ఊరి పేరు అందుకే నిలిచింది. చాలాచోట్ల దీన్ని కేవలం సిద్ధాంత వివాదంగా రాస్తారు. అది సగం నిజం. నిప్పు రాజేసింది సిద్ధాంతమే, కానీ అది ఎటు పాకాలో తేల్చినవి చట్టాలు: 1816 నాటి రాజశాసనం, 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి, ఆస్తి హక్కులు. ప్రసంగ వేదిక ఎక్కే హక్కు ఎవరిది, పార్సనేజ్ (పాస్టరు నివాసం) ఎవరిది, గంట గోపురం ఎవరిది అని అడుగుతూ వెళ్తే ఉల్రుం కథ మొత్తం విడివడుతుంది. ఒక్క జాగ్రత్త: మందిరం వేరు, సంఘం వేరు. మందిరం చరిత్ర మధ్యయుగాలది. ఇప్పటి సంఘాల చరిత్ర 19వ శతాబ్దంలో చీలింది. ఈ రెంటినీ కలిపేస్తే ఏ తేదీ దేనిదో తెలియక తికమకపడతారు.

ముందు మందిరం. గ్రోనింగెన్ ఉత్తర తీరంలో కరకట్టలు కట్టకముందు సముద్రం పొంగి పొలాల మీదికి వచ్చేది. అందుకని జనం మట్టి, పేడ పోసి ఎత్తు చేసుకున్న దిబ్బల మీద ఇళ్లు కట్టుకున్నారు. వాటిని అక్కడ వియర్డె అంటారు. ఉల్రుం కూడా అలాంటి దిబ్బ మీద వెలిసిన ఊరే. ఆ మట్టి సారవంతమైనది కావడంతో 19, 20 శతాబ్దాల్లో చాలా దిబ్బల్ని తవ్వి, పడవల్లో తరలించి ఎరువుగా అమ్మేశారు. కొన్ని ఊళ్లలో చర్చి, దాని చుట్టూ ఉన్న శ్మశానం తవ్వడానికి వీల్లేక మిగిలిపోయాయి. చర్చి చుట్టూ నేల నిటారుగా తెగి కనిపిస్తే అది సహజమైన గుట్ట కాదు, తవ్వకం ఆగిన గీత.

గోడల వయసు అంచనా వేయడానికి ఒక టేపు చాలు. ఈ ప్రాంతంలో తొలి రాతి చర్చిలు జర్మనీలోని ఐఫెల్ కొండల నుంచి రైన్ నది మీదుగా తెచ్చిన టఫ్ రాయితో కట్టారు. అది బూడిదరంగులో, చిల్లులు చిల్లులుగా, తేలికగా ఉంటుంది. 12వ శతాబ్దం చివరి భాగం నుంచి స్థానికంగా ఇటుక కాల్చడం మొదలైంది. ఆ తొలి ఇటుకలు చాలా పెద్దవి: పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 15, మందం 8 నుంచి 9 దాకా. విడి ఇటుకని కొలిస్తే తప్పుదారి పడతారు, కాల్చేటప్పుడు ఒక్కోటీ ఒక్కోలా కుదించుకుపోతుంది. అందుకని పది వరుసల ఎత్తుని, మధ్య సున్నం పూతతో సహా కలిపి కొలవాలి. 13వ శతాబ్దపు గోడలో అది 90 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. తర్వాతి శతాబ్దాల్లో ఇటుక చిన్నదయ్యేకొద్దీ ఆ కొలత తగ్గుతూ పోతుంది.

ఈ పద్ధతి మూడుచోట్ల దెబ్బతింటుంది. పాత ఇటుకని విప్పి మళ్లీ వాడటం పల్లెల్లో మామూలు, అప్పుడు ఇటుక వయసు గోడ వయసు కాదు. 19, 20 శతాబ్దాల్లో బయటి పొరని కొత్త ఇటుకతో మార్చిన చోట కొలత అసలు పనికిరాదు. సిమెంటు పూసిన గోడ సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి ఒకచోట కొలిచి ఊరుకోవద్దు. ఉత్తర గోడ, తూర్పు చివర, గోపురం మొదలు, ఈ మూడుచోట్లా కొలవండి. ఉత్తర గోడ మీద సాధారణంగా మార్పులు తక్కువ. పెద్ద కిటికీలు తెరిచింది ఎక్కువగా దక్షిణం వైపే, వెలుతురు కోసం. మూసేసిన చిన్న గుండ్రటి తల కిటికీల ఆనవాళ్లు కూడా ఉత్తరం వైపే మిగులుతాయి. పగుళ్లని మాత్రం వయసుకి గుర్తుగా తీసుకోకండి. గ్రోనింగెన్ సహజవాయువు తవ్వకం వల్ల ఈ రాష్ట్రంలో భూకంపాలు వచ్చాయి. అన్నిట్లోకీ పెద్దది 2012 ఆగస్టు 16న హౌజింగె దగ్గర వచ్చిన 3.6 తీవ్రత కంపం. ఎన్నో మధ్యయుగ చర్చిల గోడలు ఈ కంపాలకే చీలాయి.

లోపలికి వెళ్తే మీకు కనిపించేది 1594 తర్వాతి అమరిక. ఆ సంవత్సరం గ్రోనింగెన్ నగరం డచ్ రిపబ్లిక్ చేతికి వచ్చింది, నగరంలోనూ చుట్టుపక్కల గ్రామాల్లోనూ బహిరంగ ఆరాధన రిఫార్మ్డ్ పద్ధతికి మారింది. మందిరం కూల్చలేదు, కొత్తది కట్టలేదు. బలిపీఠాలు తీసేశారు, గోడ బొమ్మల మీద సున్నం కొట్టారు, కూర్చునే బల్లలన్నీ ప్రసంగ వేదిక వైపు తిరిగాయి. బలిపీఠం ఉండే తూర్పు భాగం ప్రభురాత్రి భోజనానికి బల్ల వేసే చోటైంది. చర్చికి, పాస్టరు పోషణకి చెందిన పాత మాన్యాలు కూడా అలాగే కొత్త సంఘానికి బదిలీ అయ్యాయి. ఈ బదిలీ సంగతి గుర్తుంచుకోండి. 1834లో గొడవంతా ఆ ఆస్తి దగ్గరికే వచ్చి ఆగుతుంది. ఈ ప్రాంతంలో పాస్టరుని ఎంపిక చేసే హక్కు కూడా ఆస్తిలాంటిదే, భూమితోపాటు చేతులు మారేది. ఊళ్లలో కోటల్లాంటి పెద్ద ఇళ్లలో ఉండే భూస్వాములు ఆ హక్కుల్ని పోగు చేసుకునేవాళ్లు. ఉల్రుంలో అలాంటి ఇల్లు అసింగబోర్గ్. దాన్ని 1809లో కూల్చేశారు.

గోపురం సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. 1798 రాజ్యాంగం నాటి ఏర్పాటు ప్రకారం చర్చి గోపురాలు, వాటిలోని గంటలు పౌర పాలన సంస్థల ఆస్తి అయ్యాయి. అగ్నిప్రమాదం, వరద, గడియారం, వీటికి ఊరంతటికీ ఆ గంటే ఆధారం. ఫలితంగా నేటికీ నెదర్లాండ్స్‌లో ఎన్నో ఊళ్లలో మందిరం చర్చిది, దానికి ఆనుకున్న గోపురం మునిసిపాలిటీది. మరమ్మతుల రికార్డులు వెతికేటప్పుడు ఇది తెలియకపోతే సగం కాగితాలు ఎప్పటికీ దొరకవు. గోపురం బిల్లులు మునిసిపల్ దస్త్రాల్లో ఉంటాయి, మందిరం బిల్లులు సంఘం దస్త్రాల్లో. ఉల్రుం పాత మునిసిపాలిటీ తర్వాత డి మార్నెలో కలిసింది, 2019 నుంచి హెట్ హోగెలాండ్‌లో ఉంది. దస్త్రాల జాబితాలో ఆ మూడు పేర్లూ చూడాలి.

ఇక 1816. రాజు మొదటి విల్లెం ఆ ఏడు జనవరిలో ఒక శాసనంతో చర్చి పాలనని మార్చేశాడు. అంతకుముందు 1618-19లో రిఫార్మ్డ్ చర్చి సిద్ధాంతాన్ని, పాలనని తేల్చిన డోర్ట్ మహాసభ నియమాల ప్రకారం స్థానిక సంఘ పెద్దల సభ మీద పాలన నిలిచేది. కొత్త పద్ధతిలో అధికారం పైనుంచి కిందికి వచ్చింది: పైన సినడ్ (దేశమంతటి చర్చికి పాలక సభ), కింద ప్రాంతీయ బోర్డులు, వాటి కింద క్లాసిస్ (పొరుగు సంఘాల సమూహం) బోర్డులు. మొదట్లో ఆ సభ్యుల్ని రాజే నియమించాడు. కొత్త పాస్టర్లు సంతకం చేసే ప్రమాణం కూడా మారింది. పాత విశ్వాస ప్రమాణాలు దైవవాక్యానికి అనుగుణంగా ఉన్నాయి కాబట్టి అంగీకరిస్తున్నామా, ఎంతవరకు అనుగుణంగా ఉన్నాయో అంతవరకే అంగీకరిస్తున్నామా అన్నది తేలకుండా ఆ వాక్యం రాశారు. దీనికి ముందే, 1807లో, దావీదు కీర్తనలకి తోడుగా 192 కొత్త గీతాల పుస్తకం వచ్చింది. ప్రతి ఆరాధనలోనూ అందులోంచి పాడటం తప్పనిసరి చేశారు. కీర్తనలు తప్ప మరేదీ ఆరాధనలో పాడకూడదని నమ్మే రైతు కుటుంబాలకి ఇది ప్రతి ఆదివారం గుచ్చుకునే ముల్లు.

హెండ్రిక్ డి కాక్ 1829లో ఉల్రుం పాస్టరుగా వచ్చారు. ఆయన 1801లో వేన్‌డమ్‌లో పుట్టారు, గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో చదివారు. ఆయనకి ముందు ఇక్కడ పనిచేసిన హోఫ్‌స్టెడె డి గ్రోట్ అదే విశ్వవిద్యాలయానికి ప్రొఫెసరుగా వెళ్లి, తర్వాత ఉదారవాద ధోరణికి పెద్దదిక్కు అయ్యారు. వచ్చినప్పుడు డి కాక్ కూడా ఆ ధోరణిలోనే ఉన్నారు. ఆయన్ని మార్చింది సంఘ సభ్యులే. వాళ్లలో క్లాస్ పీటర్స్ కౌపెంగా అనే కూలీ ముఖ్యుడు. తన రక్షణకి తానుగా ఒక్క నిట్టూర్పు చేర్చాల్సి వచ్చినా తాను శాశ్వతంగా నశించినట్టేనని అతను పాస్టరుతో అన్నమాట ఈ చరిత్రలో బాగా ప్రసిద్ధం. పాస్టరు కాల్విన్‌ని, డోర్ట్ తీర్మానాల్ని చదవడం ఆ తర్వాతే పట్టుగా సాగింది. చదువుకున్న పాస్టరుకి ఒక కూలీ దారి చూపించాడన్నది ఈ కథలో అలంకారం కాదు. 1816 పద్ధతిలో అలాంటి సభ్యుడి మాటకి ఏ బోర్డులోనూ చోటు లేదు. ఆ ఉక్కపోతే విడిపోవడానికి దారితీసింది.

1833లో డి కాక్ డోర్ట్ తీర్మానాల్ని మళ్లీ అచ్చు వేయించారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి, తమ పాస్టర్ల బోధ నచ్చని తల్లిదండ్రులు పిల్లల్ని ఉల్రుం తెచ్చి బాప్తిస్మం ఇప్పించుకున్నారు. బోర్డుకి ఇది క్రమభంగం. అదే ఏడు ఇద్దరు పాస్టర్ల మీద ఘాటైన కరపత్రం రాశారు, వాళ్లని క్రీస్తు మందలో పడ్డ తోడేళ్లతో పోల్చారు. డిసెంబర్‌లో మిడెల్‌స్టుమ్ క్లాసిస్ బోర్డు ఆయన్ని సస్పెండ్ చేసింది. పై బోర్డు శిక్షని తగ్గించలేదు, జీతం లేని రెండేళ్ల సస్పెన్షన్‌గా పెంచింది. ఈలోగా ఆ 192 గీతాల్ని ఖండించే పుస్తకానికి ముందుమాట రాశారు. అది చాలింది. 1834 మే 29న పదవి నుంచి తొలగించారు. నేరారోపణల వరుస గమనించండి: బాప్తిస్మం, కరపత్రం, ముందుమాట. ఆయన సిద్ధాంతం తప్పని ఏ సభా విచారించి తీర్పు చెప్పలేదు. క్రమం తప్పినందుకే శిక్ష. ఆయన పక్షం వాళ్లకి ఎక్కువ కోపం తెప్పించింది అదే.

అక్టోబర్ రోజుల్ని తేదీలవారీగా చూడాలి. 10వ తేదీ శుక్రవారం బ్రబాంట్ నుంచి హెండ్రిక్ స్కోల్టె అనే యువ పాస్టరు ఉల్రుంలో ప్రసంగించారు. 12 ఆదివారం. ఖాళీ అయిన ఉల్రుం బాధ్యత పక్కనున్న లేన్స్ పాస్టరు చూస్తున్నారు, ఆయన స్కోల్టెని వేదిక ఎక్కనివ్వలేదు. స్కోల్టె ఆరుబయట ప్రసంగించారు. 13న సంఘ పెద్దలు, డీకన్లు విడిపోయే పత్రం మీద సంతకాలు పెట్టారు. 14న నూరుమందికి పైగా సభ్యులు సంతకం చేశారు. ఆ పత్రం పేరులోనే రెండు మాటలున్నాయి, విడిపోవడం లేదా తిరిగి రావడం. తాము కొత్త చర్చి పెట్టడంలేదు, అసలు చర్చి తామే, దారి తప్పింది మిగతావాళ్లు అన్నది వాళ్ల వాదన. రిఫార్మ్డ్ చర్చి పాత ప్రమాణాల్లో ఒకటైన బెల్జిక్ విశ్వాస ప్రమాణంలోని 28, 29 అధికరణాల్ని, డోర్ట్ నియమావళిని ఆధారంగా చూపారు.

ఈ వాదన ఫలితం డబ్బులో, కప్పులో కనబడుతుంది. అసలు చర్చి తామే అయితే మందిరం, మాన్యాలు, పార్సనేజ్ తమవే కావాలి. రాజ్యం ససేమిరా అంది. సైనికుల్ని ఊళ్లోకి పంపి సభ్యుల ఇళ్లలో మకాం పెట్టించింది. ఇంటివాళ్లే వాళ్లని భరించాలి, ఇది శిక్షల్లో అన్నిటికంటే భారమైనది. అక్టోబర్ ఘటనలకి డి కాక్‌కి మూడు నెలల జైలు, 150 గిల్డర్ల జరిమానా పడింది. గ్రోనింగెన్ జైలు నుంచి విడుదలయ్యాక 1835లో ఆయన కుటుంబం పార్సనేజ్ వదిలి స్మిల్డె వెళ్లిపోయింది. మిగిలిన సభ్యుల మీద నెపోలియన్ కాలపు శిక్షాస్మృతి 291వ అధికరణం ప్రయోగించారు: అనుమతి లేకుండా 20 మందికి మించి గుమిగూడరాదు. 294 ప్రకారం చోటిచ్చిన ఇంటి యజమానికీ జరిమానా. పశువుల కొట్టంలో ఆరాధన పెట్టుకున్న రైతు కోర్టుకెక్కడం ఇలాగే. అంతకుముందు దేశాన్ని ఏలిన ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి ఇరవై ఏళ్లయినా వాళ్ల చట్టమే ఆయుధమైంది.

1836లో రాజు ఒక దారి చూపాడు. విడిపోయినవాళ్లు కొత్త సంఘంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, కానీ పాత చర్చి ఆస్తుల మీద, పేరు మీద హక్కు వదులుకోవాలి. దీని మీద వాళ్లలో వాళ్లకే చీలిక వచ్చింది. పేరు వదిలితే తిరిగి రావడమన్న వాదనే పోతుంది మరి. 1839లో స్కోల్టె నడిపిన ఉట్రెక్ట్ సంఘం ఆ షరతులకి ఒప్పుకుని గుర్తింపు తెచ్చుకుంది. 1840లో రాజు మారాక ఒత్తిడి సడలింది, 1848 రాజ్యాంగంతో ఆరాధన స్వేచ్ఛ గట్టిపడింది. డి కాక్ ఇది చూడలేదు, 1842లో గ్రోనింగెన్‌లో చనిపోయారు.

ఒకే ఊళ్లో ఇన్ని సంఘాలెందుకన్న ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మధ్యయుగ మందిరం జాతీయ చర్చి చేతిలో ఉండిపోయింది, విడిపోయినవాళ్లు సొంత ఖర్చుతో మరో మందిరం కట్టుకున్నారు. 1892లో వాళ్లలో ఎక్కువమంది, 1886లో విడిపోయిన మరో వర్గంతో కలిసి ఒకే చర్చి అయ్యారు, కొందరు కలవకుండా విడిగా ఉండిపోయారు. 1944లో ఆ కలిసిన చర్చి మళ్లీ చీలింది. 2004 మే 1న జాతీయ చర్చి, 1892 చర్చి, లూథరన్లు కలిసి నెదర్లాండ్స్ ప్రొటెస్టెంట్ చర్చి అయ్యారు, కానీ 1944 వర్గం అందులో చేరలేదు. ఉత్తర గ్రోనింగెన్ పల్లెలో ఏ మందిరం ఎక్కడుందో చూస్తే ఈ కాలక్రమం నేల మీదే పరిచి ఉంటుంది: దిబ్బ నడిమధ్య పాతది, ఊరి వీధుల్లో 19వ శతాబ్దం తర్వాతివి.

దస్త్రాల్లో దిగేముందు ఒక పేరు సరిచూసుకోండి, దీని దగ్గర తడబడనివాళ్లు అరుదు. 1816కి ముందు కాగితంలో ఖెరెఫోర్మేర్డ్ అని ఉంటే అది జాతీయ చర్చి. 1816 తర్వాత జాతీయ చర్చికి హెర్వోర్మ్డ్ అన్న పేరు స్థిరపడింది. 1892 తర్వాత ఖెరెఫోర్మేర్డ్ అంటే విడిపోయినవాళ్ల చర్చి. సంవత్సరం చూడకుండా పేరు మాత్రమే చూస్తే ఒక కుటుంబం మతం మార్చిందనుకుంటారు, వాళ్లు కదలనే లేదు.

తర్వాత చేయాల్సిన పనుల వరుస ఇలా పెట్టుకోండి. మొదట 1832 నాటి కడాస్టర్ పటం తీయండి. మన దగ్గర భూసర్వే పటం, అడంగల్ లాంటి జంట ఇది. పటంలో ప్రతి స్థలానికి నంబరు, పట్టికలో ఆ నంబరు ఎదురుగా యజమాని పేరు, వృత్తి, భూమి వాడకం, విస్తీర్ణం ఉంటాయి. జాతీయ వారసత్వ సంస్థ చిత్ర భాండాగారంలో ఉచితంగా దొరుకుతాయి. విడిపోవడానికి సరిగ్గా రెండేళ్ల ముందు చర్చి, పార్సనేజ్, శ్మశానం, వాటి మాన్యం పొలాలు ఎవరి పేరున ఉన్నాయో అందులో కనబడుతుంది. చర్చి స్థలం నంబరు ఒక్కటే చూసి ఆగొద్దు, పట్టికలో అదే యజమాని పేరున్న నంబర్లన్నీ ఏరండి. మాన్యం ఎంతో అప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత మనుషులు. గ్రోనింగెన్ రాష్ట్రానికి అల్లె గ్రోనింగర్స్ అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది. 1811కి ముందువి చర్చి బాప్తిస్మ, వివాహ, సమాధి రిజిస్టర్లు. 1811 నుంచి పౌర రిజిస్టర్లు. ఇంటిపేరు అందరికీ తప్పనిసరైంది కూడా 1811లోనే, అంతకుముందు చాలామందికి తండ్రి పేరే గుర్తు. క్లాస్ పీటర్స్ కౌపెంగా అన్నప్పుడు మధ్యలోది తండ్రి పీటర్ పేరు. కాబట్టి 1811కి ముందు కౌపెంగా అని వెతికితే ఫలితం రాకపోవచ్చు, క్లాస్ పీటర్స్ అని ఊరి పేరుతో కలిపి వెతకాలి. ఇంకో చిక్కు: 1834 తర్వాత పుట్టుక పౌర రిజిస్టర్లో ఉండి జాతీయ చర్చి బాప్తిస్మ రిజిస్టర్లో లేకపోతే, ఆ కుటుంబం విడిపోయి ఉండొచ్చని ఒక సూచన మాత్రమే. రుజువు కావాలంటే విడిపోయిన సంఘం సొంత రిజిస్టర్ చూడాలి. వాటిలో చాలావరకు గ్రోనింగెన్ ఆర్కైవ్స్ భవనంలో కాగితాలుగానే ఉన్నాయి, ముందుగా నంబరు అడిగి వెళ్లండి. పాత వార్తాపత్రికలకి డెల్ఫర్ వెబ్‌సైట్. 1833 నుంచి 1836 వరకు పరిమితి పెట్టి, ఊరి పేరుతో వెతకండి. పాస్టరు పేరుతో వెతికితే స్పెల్లింగ్ తేడాల వల్ల చాలా జారిపోతాయి.

తెలుగువాళ్లకి ఇందులో ఒక సన్నని దారం ఉంది. విడిపోయినవాళ్లలో ఒక పాస్టరు వాన్ రాల్టె, పేదరికం, బంగాళాదుంప తెగులు, వేధింపుల నేపథ్యంలో ఒక గుంపుతో 1847లో మిషిగన్ చేరి హాలండ్ అనే ఊరు స్థాపించారు. స్కోల్టె అదే ఏడు అయోవాలో పెల్లా స్థాపించారు. వాన్ రాల్టె వర్గం 1850లో అమెరికా రిఫార్మ్డ్ చర్చిలో కలిసింది. హాలండ్‌లోని హోప్ కాలేజీలో చదివిన మిషనరీలు ఆ చర్చి ఆర్కాట్ మిషన్‌లో పనిచేశారు, ఆ మిషన్ పరిధిలోదే మదనపల్లె. అయితే మదనపల్లె సంఘం ఉల్రుం నుంచి పుట్టిందని మాత్రం రాయకండి. 1863లో అక్కడ పని మొదలుపెట్టిన జేకబ్ చాంబర్లిన్ అమెరికా రిఫార్మ్డ్ చర్చి పాత శాఖవారు. ఆ శాఖ న్యూయార్క్ డచ్ వలసగా ఉన్న 17వ శతాబ్దం నాటిది. ఉల్రుం వర్గం దానిలోకి వచ్చి కలిసిన పాయ.

ఊరికి వెళ్లేటప్పుడు పల్లె చర్చిలు రోజంతా తెరిచి ఉండవని గుర్తుంచుకోండి. తలుపు మీదో ప్రకటనల పెట్టెలోనో తాళం ఎవరి దగ్గరుందో సాధారణంగా రాసి ఉంటుంది. సెప్టెంబర్ రెండో వారాంతం స్మారక కట్టడాల బహిరంగ దినాలు, అప్పుడు వెళ్తే లోపల చూడటం సులభం, వివరించే మనిషి కూడా ఉంటారు. టేపు, చిన్న టార్చి పెట్టుకోండి. సున్నం గోడ మీద టార్చిని పక్కనుంచి, గోడకి దాదాపు ఆనించి వెలిగిస్తే మూసేసిన కిటికీల అంచులు తేలి కనబడతాయి. ఎదురుగా వెలిగిస్తే ఏమీ కనబడదు. ఫొటో తీసేటప్పుడు టేపుని గోడకి ఆనించి, పది వరుసలూ అంకెలూ రెండూ కనబడేలా తీయండి, ఏ గోడో చివర రాసుకోండి. ఆ ఫొటోలు, 1832 పట్టికలో చర్చి పేరున్న నంబర్లు ఇక్కడ పెడితే, ఏ భాగం ఏ కాలందో, మాన్యం ఎక్కడిదాకా ఉండేదో వరుసగా చూసి చెప్పొచ్చు.